అవ్వ గదికి హీటర్

తీర్థమలైలో మా ఇంటికి రూమ్ హీటర్ కొన్నామని చెబితే హాస్టల్లో అందరూ నవ్వారు. "ధర్మపురి జిల్లాలో చలేంటే? మీ ఊరు ఊటీ అనుకున్నావా?" అని ఒకరు, "మాకు డిసెంబర్లో కూడా ఫ్యాన్ ఆపితే నిద్ర రాదు" అని ఇంకొకరు. చెన్నైలో ఉన్నవాళ్ళు అలా అనడంలో తప్పు లేదు. పోయిన ఏడాది వరకు నేనూ అలాగే అనేదాన్ని. గోడపత్రికకి ఏదైనా రాయమని మేడమ్ అడిగినప్పుడు ఈ హీటర్ సంగతే రాద్దామనిపించింది. ఇందులో నవ్వుకునే భాగం కొంచెమే ఉంది. మిగతాది మీరు ఇంటికి వెళ్ళినప్పుడు పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఊరు తెలియనివాళ్ళకి రెండు మాటలు. ధర్మపురి జిల్లా హరూర్ తాలూకాలో, కొండ కింద ఉంటుంది. కొండ మీద తీర్థగిరీశ్వరుడి గుడి. శివపూజకి నీళ్ళు కావలసివచ్చి రాముడు బాణం వేస్తే కొండలోంచి తీర్థం పుట్టిందని స్థలపురాణం. ఆ రామతీర్థం కిందే జనం తల వంచి స్నానం చేస్తారు. మార్గళి నెలలో తెల్లవారుజామున ఆ నీళ్ళు నెత్తిన పడ్డాయంటే మా ఊళ్ళో చలి ఉందా లేదా అని ఎవరూ అడగరు. మార్గళి అంటే మన మేడమ్‌లు ధనుర్మాసం అంటారే, అదే. డిసెంబర్ నడుమ నుంచి సంక్రాంతి దాకా.

మా ఇంట్లో రెండు భాషలు. నాయన వాళ్ళది తెలుగు, అమ్మ వాళ్ళది తమిళం. అమ్మ మాతో తమిళంలో మాట్లాడుతుంది, అవ్వ తెలుగులో. బడి అంతా తమిళ మీడియమే. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది తర్వాతే గానీ, మాట మాత్రం అవ్వ ఒడిలో వచ్చింది. చిన్నప్పుడు అమ్మ "వెళియ పోగాదే, పని కొట్టుదు" అనేది. బయటికి పోవద్దు, మంచు కురుస్తోంది అని. నాకేమో తెలుగు 'పని' వినిపించేది. బయట అంత పని ఎవరు పెట్టుకున్నారా అని వాకిట్లోకి తొంగిచూసేదాన్ని. అవ్వ నవ్వి, "అది మీ అమ్మ పని పాపా, మన పని కాదు" అనేది.

చలి ఎప్పుడూ ఉన్నదే, అవ్వకి కొత్తగా ఎందుకు పట్టుకుంది అంటే, ఇల్లు మారింది. పాత ఇల్లు మట్టి గోడలు, నాటు పెంకులు. పొయ్యి రాత్రి దాకా వెచ్చగా ఉండేది, పక్కనే కొట్టంలో ఆవులు. నాలుగేళ్ళ కింద నాయన అప్పు చేసి డాబా ఇల్లు కట్టించాడు. కింద టైల్స్, పైన కాంక్రీటు, గోడకి మూత లేని వెంటిలేటర్లు. వేసవిని దృష్టిలో పెట్టుకుని కట్టిన ఇల్లు అది. అవ్వకి పడమటి వైపు గది ఇచ్చాం. టైల్స్ మీద కాలు పెట్టగానే "అబ్బా" అనేది. మాకు అది అలవాటు మాట లాగా వినపడేది.

పోయిన మార్గళిలో సెలవులకి వెళ్ళాను. అవ్వ దగ్గు, కాళ్ళ నొప్పులు. రాత్రంతా దుప్పట్లో ముడుచుకుని పడుకునేది. ఒకరోజు రాత్రి "పాపా, ఆ కుంపటి తీసుకురా" అంది. పాత ఇంటి నుంచి తెచ్చిన మట్టి కుంపటి, వరండాలో మూలన ఉండేది. అమ్మ దాన్ని 'కుముట్టి' అంటుంది. మా ఇంట్లో రెండు భాషలూ ఒప్పుకునే వస్తువుల్లో అదొకటి. అవ్వే బొగ్గులు రాజేసింది. నిప్పు ఎర్రబడ్డాక గదిలోకి తెచ్చి మంచం పక్కన పెట్టాం. నేనూ ఆ గదిలోనే చాప వేసుకున్నాను. వెంటిలేటర్లోంచి గాలి జివ్వుమని వస్తోందని, రెండు పాత చీరలు ఉండలు చుట్టి దాంట్లో కుక్కాను. కిటికీ రెక్కలు వేసి గడియ పెట్టాను. తలుపు దగ్గరికి లాగాను. అవ్వ "ఇప్పుడు హాయిగా ఉండాది" అంది. నాకు గర్వంగా అనిపించింది.

మార్గళిలో అమ్మ నాలుగున్నరకే లేచి వాకిట్లో పెద్ద ముగ్గు వేస్తుంది. ముగ్గుపిండి డబ్బా అవ్వ గది అలమరలో ఉంది. అది తీసుకోవడానికి తలుపు తోసింది. ఆ తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. అమ్మ నా పేరు పెట్టి అరుస్తోంది. నాకు వినపడుతోంది, కానీ కాళ్ళు లేవడం లేదు. తల రెండుగా పగిలినట్టు నొప్పి. వాకిట్లోకి వచ్చి వాంతి చేసుకున్నాను. నాయన అవ్వని రెండు చేతులా ఎత్తుకొచ్చి తిన్నె మీద పడుకోబెట్టాడు. "అమ్మా, అమ్మా" అని పిలుస్తుంటే అవ్వ కళ్ళు తెరవలేదు. ఎంతసేపో నాకు తెలియదు. తమ్ముడు 108కి ఫోన్ చేశాడు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నానికి అవ్వ మాట్లాడింది. మొదటి మాట, "పాప ఏదీ?"

డాక్టరమ్మ నాయనతో చెప్పింది నేను విన్నాను. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే మనిషికి ఊపిరాడనట్టు కూడా తెలియదు, నిద్రలోనే మత్తుగా ఉంటుంది. పొగ లేదు గదా అనుకుంటాం. పొగ లేని ఎర్రటి బొగ్గుల్లోంచి కూడా అది వస్తూనే ఉంటుంది. ఉత్తరాదిలో ప్రతి చలికాలం గదిలో అంగీఠీ పెట్టుకుని పడుకున్నవాళ్ళు పొద్దున్నే లేవలేదని వార్తలు వస్తుంటాయి. అవి చదివి పేజీ తిప్పేసినదాన్నే నేను కూడా.

పాత ఇంట్లో అదే కుంపటి ఇన్నేళ్ళు ఏమీ చేయలేదంటే కారణం పెంకుల సందులు. గాలి ఎటునుంచో వచ్చి ఎటో పోయేది. కొత్త ఇంట్లో ఉన్న ఆ రెండు దారులూ మూసింది నేను. "బొగ్గులు ఏసింది నేను గదా, పాపదేముంది" అని అవ్వ అందరితో అంటూ ఉండేది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇంటికి వచ్చిన మరునాడే నాయన "హీటర్ కొనాల్సిందే" అన్నాడు. తమ్ముడూ నేనూ ఆయనతో హరూర్ వెళ్ళాం. మొదటి షాపులో హీటర్ కావాలంటే బకెట్లో పెట్టే కాయిల్ చూపించారు. రెండో షాపులో గోడకి బిగించే గీజర్. మా వైపు హీటర్ అంటే నీళ్ళు కాచేదే. గది వేడిచేసేదని విడమరిచి చెప్పాక మూడో షాపతను పై అరలోంచి దుమ్ము తుడిచి రెండు దించాడు, ఇంకోటి బొమ్మలో చూపించాడు.

ఒకటి ఫ్యాన్ ఉన్నది. లోపలి తీగ వేడెక్కుతుంది, ఫ్యాన్ ఆ గాలిని తోస్తుంది. 2000 వాట్లు. గది తొందరగా వేడెక్కుతుంది, ఆపితే అంతే తొందరగా చల్లబడుతుంది, చప్పుడు ఉంటుంది. రెండోది రెండు క్వార్ట్జ్ కడ్డీలు ఉన్నది. ఒక్కోటి 400 వాట్లు. కడ్డీలు ఎర్రగా కాలి, ఎండ తగిలినట్టు ఎదురుగా ఉన్నవాళ్ళకి వేడి తగులుతుంది. గది గాలిని పెద్దగా వేడిచేయదు. మూడోది, బొమ్మలోది, నూనె నింపిన రేకుల హీటర్. మెల్లగా వేడెక్కుతుంది, ఆపినా కాసేపు వెచ్చదనం నిలుస్తుంది, చప్పుడు లేదు. ధర మాత్రం మిగతా రెంటికంటే చాలా ఎక్కువ.

"ఇది కొంటే కరెంటు కలిసొస్తుంది సార్" అన్నాడతను మూడోదాన్ని చూపించి. నాయన దాని వైపే మొగ్గాడు. అమ్మ కోసం చేసే ఖర్చులో వెనకాడకూడదని ఆయన పంతం. నేను "ఇంకో రోజు ఆగుదాం నాయనా" అన్నాను. తమ్ముడికి కోపం వచ్చింది. "చరిత్ర చదివేదానికి వాట్ల సంగతి ఎందుకు?" అన్నాడు. వాడు పాలిటెక్నిక్‌లో చేరబోతున్నాడు. ఎందుకంటే, ఒకసారి తెలుసుకోకుండా మంచి చేయబోయి ఏమయిందో నాకు తెలుసు. ఆ మాట పైకి అనలేదు.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో లెక్క వేశాను. కష్టమేమీ కాదు. 1000 వాట్ల వస్తువు గంట సేపు నడిస్తే ఒక యూనిట్. తమిళనాడులో ఇళ్ళకి రెండు నెలలకి ఒక బిల్లు, అందులో 2016లో 100 యూనిట్లు ఉచితం చేశారు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా మెట్లు ఎక్కుతుంది. 1500 వాట్ల హీటర్ రాత్రికి ఆరు గంటలు ఆగకుండా నడిస్తే 9 యూనిట్లు. 60 రాత్రులకి 540. థర్మోస్టాట్ మధ్యమధ్యలో ఆపుతుంది కాబట్టి కొంత తగ్గుతుంది, కానీ మూత లేని వెంటిలేటర్లున్న గదిలో ఎంత తగ్గుతుంది? క్వార్ట్జ్ హీటర్లో ఒక కడ్డీ, రోజుకి రెండు గంటలు అంటే 0.8 యూనిట్. 60 రోజులకి 48.

ఇంకో సంగతి తెలిసింది. కరెంటుతో నేరుగా వేడిచేసే హీటర్లన్నీ ఒక యూనిట్ కరెంటుకి ఇచ్చే వేడి ఒకటే. చవకదైనా ఖరీదైనదైనా తేడా లేదు. వేడిని ఎలా, ఎక్కడికి పంపుతాయన్నదే తేడా. బయటి గాలిలోని వేడిని లోపలికి తోడే ఏసీ మాత్రమే వేరు. అది తాగే కరెంటుకి రెండు మూడింతల వేడి ఇస్తుంది. అది మా స్తోమతకి మించినది. కరెంటు హీటర్ గదిలో ఆక్సిజన్‌ని తినేస్తుందని పక్కింటివాళ్ళు భయపెట్టారు. అది నిజం కాదు. అందులో మండేది ఏదీ లేదు. గాలి పొడిబారినట్టు ఉంటుంది, అంతే.

మరునాడు మా వీధిలో వైరింగ్ పని చేసే అన్నని పిలిచి అవ్వ గది చూపించాను. అక్కడ ఉన్నది చిన్న ప్లగ్ పాయింట్, 6 ఆంపియర్లది. 2000 వాట్లు అంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి వాడితే వైరు కాలుతుందని, కావాలంటే మెయిన్ బోర్డు నుంచి లావు వైరుతో కొత్త పాయింట్ వేయాలని చెప్పాడు. అంటే పెద్ద హీటర్ ధర మీద ఇంకో ఖర్చు.

ఇంతా చేసి, ఒక పని మేమెవ్వరం చేయలేదు. తమ్ముడు ఎనిమిదో తరగతి ప్రాజెక్టుకి కొన్న థర్మామీటర్ తీసి తెల్లవారి ఐదు గంటలకి అవ్వ గదిలో చూశాను. 20 డిగ్రీలు. చలిదేశాల ఇళ్ళలో కనీసం 18 ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఆదిలాబాద్‌లో, లంబసింగిలో చలి ముందు మాది ఒక లెక్కా? మరి అవ్వ ఎందుకు వణుకుతోంది? థర్మామీటర్ చేత్తో పట్టుకుని నిలబడి అప్పుడు అడిగాను. "అవ్వా, నీకు చలి ఎక్కడ పెడుతోంది?"

అవ్వ నన్ను వింతగా చూసింది. "ఎక్కడేంది, కాళ్ళల్లో. మోకాళ్ళ కింద. ఈ పక్క గోడ సల్లగా కొడతాది. ఆ పైనుంచి గాలి నెత్తిమీద పడతాది. ఒళ్ళు బాగానే ఉండాది. ఇన్నాళ్ళకు అడిగినావు పాపా."

మేం ముగ్గురం హరూర్ వెళ్ళొచ్చాం. బిల్లు లెక్కలు వేశాం. వైరు లావు కొలిచాం. చలి పెట్టేది ఎవరికో ఆమెని మాత్రం అడగలేదు.

అవ్వ చెప్పినదానికి కారణాలు ఉన్నాయి. వయసు పైబడితే ఒంట్లో పుట్టే వేడి తగ్గుతుంది, కాళ్ళకి రక్తం తక్కువగా అందుతుంది. అవ్వకి షుగర్ కూడా ఉంది. టైల్స్, చాప రెండూ ఒకే గదిలో ఒకే వేడిలో ఉన్నా, టైల్స్ మన పాదాల్లోని వేడిని తొందరగా లాగేస్తాయి, అందుకే చల్లగా తోస్తాయి. చల్లటి గోడ పక్కన పడుకుంటే గాలి ఎంత వెచ్చగా ఉన్నా ఒంటి వేడి గోడ వైపు పోతూనే ఉంటుంది. కాశ్మీర్‌లో నిప్పుల కాంగ్‌డీని ఫెరన్ లోపల పెట్టుకుని తిరుగుతారు. జపాన్‌లో కొటాట్సు అని పొట్టి బల్ల కింద హీటర్ పెట్టి పైన బొంత కప్పి, కాళ్ళు లోపల పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. చలి బాగా తెలిసినవాళ్ళు కూడా ఇల్లంతా కాకుండా మనిషిని వెచ్చగా పెట్టుకునే దారి చూసుకున్నారు. మేం గది గురించే మాట్లాడాం.

చివరికి చేసింది ఇదీ. అవ్వ మంచం గోడకి రెండడుగులు దూరం జరిపాం. తలవైపు వెంటిలేటర్‌కి చెక్క మూత చేయించాం, రెండోది తెరిచే ఉంచాం. మంచం పక్కన గోనెసంచుల మీద పాత జంపఖానా పరిచాం. పత్తి మేజోళ్ళు కొన్నాం. "దొరసానిని చేస్తిరి నన్ను" అని రెండు రోజులు తొడుక్కోలేదు, మూడో రోజు తనే అడిగింది. రాత్రి పడుకునే ముందు వేడినీళ్ళ రబ్బరు సంచి. మరిగే నీళ్ళు పోయకూడదు, మందపాటి గుడ్డ చుట్టాలి, ముందు మన చేత్తో చూడాలి. షుగర్ ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, కాలినా తెలియదు. అందుకని పక్క వెచ్చబడ్డాక అమ్మ ఆ సంచి తీసేస్తుంది.

హీటర్ కూడా కొన్నాం. రెండు కడ్డీల క్వార్ట్జ్‌ది, ఐఎస్ఐ గుర్తు చూసి, పొరపాటున పడిపోతే దానంతటదే ఆగిపోయే స్విచ్ ఉందా అని అడిగి. తెల్లవారి ఒక గంట, సాయంత్రం ఒక గంట. అవ్వ కుర్చీకి మూడడుగుల దూరంలో, కాళ్ళ వైపు. చీర కొంగు, దుప్పటి దగ్గరికి రాకుండా చూసుకోవాలి. పడుకునేటప్పుడు ప్లగ్ తీసేయాలి. అవ్వ కాళ్ళకి అది చాలింది. దగ్గు కూడా తగ్గింది, అది మందుల వల్లో వెంటిలేటర్ మూత వల్లో నేను చెప్పలేను. మిగిలిన డబ్బుతో నాయన అప్పులో ఒక కంతు కట్టాడు. అయినా కొన్నాళ్ళు అమ్మకి పెద్ద హీటర్ కొనలేదని ఆయన మనసులో ఉండేది. అవ్వే ఒకరోజు చెప్పింది, "నాకు కావాల్సినంత ఉండాది లేరా."

అవ్వకి హీటర్ మీద ఒక్కటే ఫిర్యాదు. "దీని ముందర కూర్చుని సెనక్కాయలు కాల్చుకునేదానికి లేదు గదా" అంటుంది. కుంపటి పారేయలేదు. ఇప్పుడు అది వాకిట్లో, ఆకాశం కింద ఉంటుంది. సాయంత్రాలు అక్కడే శనక్కాయలు కాలుస్తాం. చల్లారాక కూడా దాన్ని లోపలికి తేనివ్వడు నాయన.

చెల్లెళ్ళారా, అక్కలారా, ఈ డిసెంబర్ సెలవులకి మీలో కొందరు చలి ఊళ్ళకి వెళ్తారు. నిప్పుల కుంపటి పెట్టి గది మూసుకుని పడుకోవద్దు, ఎవర్నీ పడుకోనివ్వద్దు. తల నొప్పి, వికారం, మత్తు ఇంట్లో ఇద్దరికి ఒకేసారి వస్తే ముందు అందరూ బయటి గాలిలోకి రావాలి, ఆ తర్వాత డాక్టర్. ఇక హీటర్ కొనాలనుకుంటే షాపుకి వెళ్ళే ముందు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఒక్క మాట అడగండి, చలి ఎక్కడ పెడుతోందని.

నిన్న రాత్రి ఫోన్లో అమ్మ "పని ఆరంభమాయిడుచ్చు" అంది. మా ఊళ్ళో మంచు మొదలైందట. వెనకాల నుంచి అవ్వ గొంతు వినపడింది, "పాపను అడుగు, దానికి అక్కడ సలి పెడతాందా అని." చెన్నైలో ఫ్యాన్ కింద కూర్చుని ఉన్నాను. లేదవ్వా అన్నాను.